"అర్థమైందా?" అంటే "అర్థమైంది సార్!": తరగతి గదిలో టీచరు మాట చేసే పని

క్లుప్తంగా: టీచర్ల మాటతీరు మీద చర్చ చాలావరకు తిట్ల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. పిల్లల చదువును రోజూ మలిచేవి మాత్రం ఎవరూ పట్టించుకోని మామూలు మాటలు. ప్రశ్న ఎలా అడిగారు, జవాబుకు ఎంతసేపు ఆగారు, తప్పు చెబితే ఏమన్నారు, ఇంట్లో మాట్లాడే భాషను ఎలా తీసుకున్నారు అన్న వాటిని బట్టే క్లాసులో ఎవరు ఆలోచిస్తారో, ఎవరు వంత పాడి ఊరుకుంటారో తేలుతుంది. తెలుగు, తమిళం, ఉర్దూ, కన్నడం కలిసే తిరుపతి, చిత్తూరు ప్రాంతాల బడుల్లో, పైగా పుస్తకం ఇంగ్లీషులో ఉన్నచోట, ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి ఎంపికైనవాళ్లు కూడా బడుల్లో చేరారు. బీఈడీ లేదా డీఎడ్, ఆపైన టెట్, డీఎస్సీ అంటూ ఇన్ని మెట్లు ఎక్కి వచ్చినవాళ్లకు సబ్జెక్టు వచ్చా రాదా అన్నది పరీక్షలు తేల్చాయి. నలభై మంది పిల్లల ముందు నిలబడి ఎలా మాట్లాడతారన్నది మాత్రం డీఎస్సీలో ఎవరూ చూడరు. అది రాతపరీక్షలో తేలేది కాదు.

టీచరు మాట వార్తల్లోకి ఎక్కేది ఎవరైనా కులం పేరుతో తిట్టినప్పుడో, ఒక పిల్లవాడు అవమానం తట్టుకోలేక బడి మానేసినప్పుడో. అలాంటి వాటికి చట్టం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అయితే ఏ చట్టానికీ అందని మాటలు కొన్ని ఉంటాయి. వాటిలో తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. చెప్పేవాళ్లు మంచి టీచర్లే అయి ఉంటారు కూడా.

వాక్యం చివర వదిలే ఖాళీ

ఐదో తరగతిలో సైన్సు పాఠం నడుస్తోంది. "మొక్కలు సూర్యకాంతి సాయంతో ఆహారం తయారు చేసు..." అని టీచరు ఆపుతారు. "...కుంటాయి!" అని క్లాసంతా ఒక్కసారి అరుస్తుంది. "భూమి సూర్యుని చుట్టూ తిరుగు..." "...తుంది!" తెలుగు బడిలో చదువుకున్న ఎవరి చెవికైనా ఈ పాట బాగా తెలుసు.

దీన్ని కొంచెం దగ్గర నుంచి చూడాలి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. టీచరు ఆపేది ఆ క్రియ మధ్యలో. అక్కడ నింపాల్సిన ముక్క వ్యాకరణమే చెప్పేస్తుంది, దానికి సైన్సుతో పని లేదు. "మొక్కలు" అని బహువచనం వినబడింది కాబట్టి "కుంటాయి" అనాలని తెలుగు మాట్లాడే నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. అనుమానం ఉంటే ఒక చిన్న ప్రయోగం చేయొచ్చు. "మొక్కలు చంద్రకాంతి సాయంతో ఆహారం తయారు చేసు..." అని ఆపితే, అప్పుడు కూడా క్లాసులో ఎక్కువమంది "కుంటాయి!" అనే అంటారు. వాక్యంలో అసలు విషయమంతా టీచరే చెప్పేశారు. పిల్లల వంతుకు మిగిలింది చివరి ప్రత్యయం.

టీచర్లు ఇలా ఎందుకు చేస్తారంటే పనికొస్తుంది కాబట్టి. మధ్యాహ్న భోజనం తర్వాత నిద్రమత్తులో ఉన్న క్లాసు లేచి కూర్చుంటుంది. వరండాలో వెళ్లే హెడ్మాస్టరుకు లోపల పాఠం జోరుగా నడుస్తున్నట్టు వినిపిస్తుంది. ఒంటరిగా నోరు విప్పలేని పిల్లకు గుంపులో గొంతు కలపడం ధైర్యం ఇస్తుంది. ఎక్కాలకు, వేమన పద్యాలకు వంత పాడటమే సరైన పద్ధతి, నోటికి రావాలంటే మళ్లీ మళ్లీ అనాల్సిందే. తేడా ఎక్కడ వస్తుందంటే, గుర్తుంచుకోవాల్సినదానికి పనికొచ్చే పద్ధతిని అర్థం చేసుకోవాల్సినదానికి కూడా వాడేసినప్పుడు. అదే పాఠంలో "రాత్రిపూట ఈ మొక్క ఏం చేస్తూ ఉంటుంది?" అని అడిగితే ప్రత్యయం ఆదుకోదు. క్లాసు నిశ్శబ్దమైపోతుంది. చాలామంది టీచర్లు భయపడేది ఆ నిశ్శబ్దానికే.

ఎవరూ కాదనలేని ప్రశ్న

పాఠం అయ్యాక వచ్చే "అర్థమైందా?" కూడా ఇలాంటిదే. "కాలేదు" అనాలంటే అందరి ముందు లేచి తన తెలివితక్కువను తానే చాటుకోవాలి, పాఠం మళ్లీ మొదలైతే పక్కవాళ్ల చూపులు కూడా పడాలి. "అర్థమైంది సార్" అంటే ఏ ఖర్చూ లేదు. అందుకే ఆ జవాబు నుంచి టీచరుకు తెలిసేది ఏమీ ఉండదు. "ఇప్పుడు నేను చెప్పింది నీ పక్కనున్న అబ్బాయికి నీ మాటల్లో చెప్పు" అంటే ఎవరికి ఎంతవరకు ఎక్కిందో రెండు నిమిషాల్లో బయటపడుతుంది.

టీచరు అడగడం, పిల్లవాడు చెప్పడం, టీచరు "గుడ్" లేదా "తప్పు" అనడం అనే మూడు మెట్ల సంభాషణను 1970ల్లో బ్రిటన్‌లో సింక్లేర్, కూల్టార్డ్, అమెరికాలో మెహన్ అనే పరిశోధకులు నమోదు చేశారు. ఏ దేశపు క్లాసులోనైనా ఇది కనిపిస్తుంది. బయట ఎవరైనా టైమ్ ఎంతైందని అడిగితే జవాబు విని "థ్యాంక్స్" అంటారు, "కరెక్ట్" అనరు. జవాబు ముందే తెలిసినవాళ్లు ప్రశ్న అడిగే వింత చోటు బడి ఒక్కటే. ఈ సంగతి పిల్లలు మొదటి నెలలోనే పసిగడతారు. ఆ తర్వాత ఆలోచించడం మానేసి, సార్ మనసులో ఏముందో ఊహించడం మొదలుపెడతారు.

ఒక్క సెకను

అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో ప్రాథమిక తరగతుల సైన్సు పాఠాలను రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక సెకను. ఈలోగా జవాబు రాకపోతే తామే చెప్పేయడమో, ఇంకొకరిని లేపడమో, ప్రశ్నను మార్చేయడమో చేస్తున్నారు. ఆ వ్యవధిని 3 సెకన్లకు పెంచినప్పుడు జవాబులు పొడవయ్యాయి, "తెలియదు" అనేవాళ్లు తగ్గారు, పిల్లలే ప్రశ్నలు అడగడం పెరిగింది. వెనకబడ్డారని టీచర్లు అనుకున్న పిల్లలు కూడా నోరు విప్పారు.

ఒక్క సెకనులో చెయ్యి ఎత్తేది ఎవరు? ట్యూషన్‌లో ఆ పాఠం ముందే విన్నవాళ్లు, ఇంట్లో అదే భాష మాట్లాడేవాళ్లు. సత్యవేడు దగ్గర తమిళం మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లను ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే, ఆ ప్రశ్న టీచరు చెప్పిన తెలుగు వివరణ మీదుగా తమిళంలోకి వెళ్లాలి, ఆలోచన అక్కడ జరగాలి, జవాబు మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి. ఆమెకు జవాబు తెలియక కాదు, టైమ్ చాలక "తెలియదు" లెక్కలో పడుతుంది. ఏడాది గడిచేసరికి ఆమె మీద "స్లో" అనే ముద్ర స్థిరపడుతుంది.

ఇంటి మాట, బడి మాట

చిత్తూరు సరిహద్దుల సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాలు గ్రామాలు మార్చుకున్నప్పుడు తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. గీత మారినా ఇళ్లలో భాషలు మారలేదు. నగరి, సత్యవేడు వైపు తమిళం, కుప్పంలో తమిళం, కన్నడం, పలమనేరు, పుంగనూరు పట్టణాల్లో ఉర్దూ ఇప్పటికీ ఇంటి భాషలే. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ చెబుతుంది. వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా చెబుతుంది.

తెలుగే మాట్లాడే పిల్లలకు కూడా ఇబ్బంది తప్పలేదు. పుస్తకంలో తెలుగు ఒక తీరు, చిత్తూరు పల్లెల్లో తెలుగు ఇంకో తీరు. "మా చెరువులో నీళ్లు శానా ఉండాయి సార్, మొరవ పోతాంది" (చెరువు నిండి అలుగు పారుతోంది) అని ఒక పిల్లవాడు ఉత్సాహంగా చెప్పాడనుకుందాం. "ఉండాయి కాదురా, ఉన్నాయి అనాలి" అంటే వాడు "ఉన్నాయి" అని అప్పజెప్పి కూర్చుంటాడు. చెరువు సంగతి అక్కడితో సరి. "ఓహో, అన్ని నీళ్లు ఉన్నాయా? మొరవ దాకా ఎక్కాలంటే ఎన్ని వానలు పడాలి?" అంటే వాడి చెవిన "ఉన్నాయి" పడింది, మాటా తెగలేదు. పైగా పరిసరాల విజ్ఞానం పాఠం దానంతట అదే మొదలైంది. భాష నేర్పేవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. చిన్నపిల్లలతో ఇంట్లో అమ్మలు చేసేదీ ఇదే. మొదటిరకం సవరణ పదేపదే జరిగినచోట పిల్లలు తప్పులు తగ్గించుకోవడం కంటే ముందు మాట్లాడటం తగ్గించుకుంటారు.

దీని మీద ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని 2019 నవంబరులో ఇచ్చిన 81వ నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. మీడియం మీద వాదన ఆగలేదు కానీ ఒక మేలు జరిగింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుతో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆచరణలో క్లాసు ఎలా నడుస్తుందో అందరికీ తెలిసిందే. టీచరు ఇంగ్లీషులో చదువుతారు, తెలుగులో చెబుతారు, పరీక్షకు ఇంగ్లీషు జవాబు బోర్డు మీద రాస్తారు, పిల్లలు దాన్ని బట్టీ పడతారు.

ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పడాన్ని తప్పుగా చూడనక్కర్లేదు. నిజానికి పిల్లల్ని నిలబెట్టేది అదే. లోపం దాని తర్వాతి మెట్టులో ఉంది. తెలుగులో అర్థమైన విషయాన్ని పిల్లలే సొంతంగా ఇంగ్లీషులో చెప్పే అవకాశం రాదు. "నువ్వు చెప్పింది కరెక్ట్. ఇప్పుడు ఇదే మాటని ఇంగ్లీషులో ఎట్లా అందాం?" అనే ఒక్క వాక్యం ఆ వంతెన వేస్తుంది. "తెలుగులో మాట్లాడొద్దు" అనే వాక్యం దాన్ని కూలుస్తుంది. ఆటల్లో, కబుర్లలో వాడే ఇంగ్లీషు రెండేళ్లలో రావొచ్చు కానీ పాఠాలు అర్థం చేసుకునే స్థాయి ఇంగ్లీషుకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడా భాషావేత్త జిమ్ కమిన్స్ చాలా కాలం కిందటే చెప్పారు. ఇంగ్లీషులో "గుడ్ మార్నింగ్, మే ఐ కమిన్" అనగానే మీడియం కుదిరిపోయిందని తల్లిదండ్రులు పొరబడేది ఈ తేడా తెలియకే.

ఒకటో తరగతి లెక్కల్లో దీనికి చక్కటి ఉదాహరణ దొరుకుతుంది. "పదమూడు"లో పది, మూడు రెండూ చెవికి వినబడతాయి. "థర్టీన్"లో పది ఎక్కడుందో పిల్లలకు తెలియదు, పైగా "థర్టీ"కీ దానికీ తేడా చివరి చప్పుడు ఒక్కటే. రెండు భాషల్లోనూ పక్కపక్కన లెక్కబెట్టించే టీచరు దగ్గర స్థానవిలువ తొందరగా పట్టుబడుతుంది. థర్టీన్ అని మాత్రమే అనాలని పట్టుబట్టే చోట, లెక్క తెలిసిన పిల్ల కూడా లెక్క రానిదానిలా కనిపిస్తుంది.

ముద్రలు

"మొద్దు", "నీ బుర్రలో మన్నుండాదా", "మీ నాయన కూడా నా దగ్గరే చదివినాడు, వాడూ ఇంతే", "పోయి మేకలు మేపుకో". ఇవి తిట్లని అనేవాళ్లే ఒప్పుకోరు. ప్రేమతోనే అన్నామంటారు. కొన్నిసార్లు అది నిజమే, వినేవాళ్లు కూడా నవ్వేస్తారు. కానీ చివరిదాన్ని చూడండి. ఆ క్లాసులో నిజంగా మేకలు ఉన్న ఇంటి నుంచి వచ్చిన పిల్లలు ఉంటారు. బడి ఎగ్గొట్టి మేకల వెంట వెళ్లినందుకు తిట్టడం వేరు, వాళ్ల అమ్మానాన్నల బతుకునే చదువురానితనానికి గుర్తుగా వాడటం వేరు. యానాది కాలనీల నుంచి, సుగాలి తండాల నుంచి, కుటుంబంలో మొదటిసారి బడి మెట్లెక్కిన పిల్లల మీద ఈ రెండోది గట్టిగా పనిచేస్తుంది.

దీనికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లోని పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిల చేత కాగితం మీద దారి కనిపెట్టే పజిల్స్ చేయించారు. ఎవరి కులం ఏదో బయటపెట్టనప్పుడు అగ్రకులాల పిల్లలకూ దళిత పిల్లలకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందరి ముందూ పేరుతో పాటు కులం చదివాక దళిత పిల్లల ఫలితం పడిపోయింది. 2006లో అచ్చయిన ఈ అధ్యయనంలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు, తక్కువ చేసి మాట్లాడలేదు. పేరు, ఊరు, కులం చదివారు, అంతే. స్కాలర్‌షిప్ ఫారాల కోసం "ఎస్సీలు, ఎస్టీలు లేవండి" అని క్లాసులో గట్టిగా పిలవడం గుమాస్తా పనిలా కనిపిస్తుంది కానీ, పరీక్ష ముందు జరిగితే దాని ఖర్చు ఆ పిల్లల మార్కుల్లో పడొచ్చు.

పొగడ్త కూడా అంత అమాయకమైంది కాదు. "వీడు బ్రిలియంట్" అని తెలివిని పొగిడించుకున్న పిల్లలు కష్టమైన లెక్క ఎదురైనప్పుడు తొందరగా చేతులెత్తేశారని, కష్టాన్ని పొగిడించుకున్నవాళ్లు నిలబడ్డారని మనస్తత్వవేత్తలు మ్యూలర్, డ్వెక్ 1998లో చూపించారు. ఆ తర్వాతి పెద్ద అధ్యయనాల్లో ఇలాంటి ప్రభావం మొదట అనుకున్నంత పెద్దది కాదని తేలింది, అది కూడా చెప్పాలి. ఇంతకన్నా గట్టి ఆధారం, చేసిన పని మీద చెప్పే వ్యాఖ్యల (ఫీడ్‌బ్యాక్) గురించి 1996లో పరిశోధకులు క్లూగర్, డెనిసి చేసిన విశ్లేషణ. వందలకొద్దీ ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, మూడోవంతుకు పైగా సందర్భాల్లో వ్యాఖ్య చేయడం వల్ల పని మెరుగుపడలేదు సరికదా, దిగజారింది. వ్యాఖ్య పని మీద నుంచి జారి మనిషి మీదికి పోయినప్పుడు ఆ ప్రమాదం ఎక్కువ.

క్లాసులో అది ఇలా ఉంటుంది. నాలుగో తరగతి పిల్ల 1/3 కంటే 1/4 పెద్దదని రాసింది. "తప్పు, కూర్చో" అంటే ఆమెకు తప్పని తెలిసింది, ఎందుకో తెలియలేదు. "ఈమాత్రం తెలీదా?" అంటే సిగ్గు మిగిలింది. "ఫర్వాలేదు, ట్రై చెయ్యి" అంటే మనసు కుదుటపడింది కానీ లెక్క అక్కడే ఉంది. "మూడు కంటే నాలుగు పెద్దది కదా అనుకున్నావు. ఒక దోసెను ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎక్కువ వస్తుందా, నలుగురు పంచుకుంటేనా?" అన్నప్పుడు మాత్రమే ఆమె తప్పు ఎక్కడ పుట్టిందో ఆమెకే కనబడుతుంది. ఆ మాట అనాలంటే టీచరుకు భిన్నాలు తెలిస్తే చాలదు, పిల్లలు భిన్నాల్లో ఎక్కడ బోల్తా పడతారో కూడా తెలిసి ఉండాలి. మంచిమాట అనగానే తియ్యటి మాట అనుకోవడం వల్ల ఈ తేడా మరుగున పడుతోంది.

ఇంకొకటి, ధైర్యం చెప్పడానికి వాడే "ఇది చాలా ఈజీ". లెక్క రాకపోతే ఈజీది కూడా రాలేదన్న అవమానం, వస్తే ఈజీదే కదా అన్న చప్పదనం. పిల్లలకు రెండువైపులా నష్టమే. "లెక్కలంటే నాకూ భయమే" అనే టీచర్ల సంగతీ అంతే. మొదటి, రెండో తరగతుల మీద 2010లో మనస్తత్వవేత్త సియాన్ బైలాక్ బృందం చేసిన అధ్యయనంలో, లెక్కలంటే ఎక్కువ ఆందోళన ఉన్న టీచరమ్మల దగ్గర చదివిన ఆడపిల్లలే ఏడాది చివరికి లెక్కల్లో వెనకబడ్డారు. మగపిల్లల్లో ఆ ప్రభావం కనబడలేదు.

ఎందుకిలా మాట్లాడతారు

టీచర్లకు పిల్లలంటే ఇష్టం లేక అనుకుంటే పొరపాటు. ఎవరైనా తమకు చెప్పినవాళ్లలాగే చెబుతారు. ఇరవై ఏళ్లు విద్యార్థిగా విన్న మాటతీరును ఒకటి రెండేళ్ల శిక్షణ మార్చలేదు. బీఈడీ సూక్ష్మబోధనలో (కొద్దిమంది ముందు కొన్ని నిమిషాల పాఠం చెప్పే అభ్యాసంలో) ప్రశ్నించే నైపుణ్యం, పునర్బలన నైపుణ్యం (జవాబును మెచ్చుకుని ప్రోత్సహించడం) అని ఉంటాయి. అవి చాలాచోట్ల రికార్డు రాతతో ముగుస్తాయి, ఆ రికార్డు కూడా సీనియర్లదే అయి ఉంటుంది.

మిగతాది పని ఒత్తిడి. ఒకరిద్దరు టీచర్లే ఐదు తరగతులు చూసే బడిలో ఒక క్లాసుకు చెబుతుంటే మిగతా క్లాసులు ఊరుకోవాలి. అక్కడ "ష్, నోరు మూయండి" అన్నది రోజంతా వాడే వాక్యం అవుతుంది. హాజరు, భోజనం, పుస్తకాల పంపిణీ అన్నీ యాప్‌లోకి ఎక్కించాలి. పదో తరగతి దగ్గరకొచ్చేసరికి రిజల్టు టెన్షన్. సిలబస్ పరిగెత్తుతుంటే 3 సెకన్ల నిశ్శబ్దం కూడా వృథాలా అనిపిస్తుంది.

ఒత్తిడి తగ్గిస్తే మాట మారుతుందనడానికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా విభాగం చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం పాఠాలను చిన్నచిన్న కార్డులుగా, ఒక నిచ్చెనలా అమర్చింది. వేర్వేరు స్థాయుల పిల్లలు గుంపులుగా కూర్చుంటారు. కొందరికి టీచరు సాయం కావాలి, కొందరు తోటి పిల్లల సాయంతో నడుస్తారు, కొందరు సొంతంగా చేసుకుంటారు. టీచరు అందరికీ ఒకేసారి అరిచి చెప్పాల్సిన పని పోయింది. నలుగురి మధ్య చాప మీద కూర్చున్న మనిషి గొంతు దానంతట అదే దిగుతుంది, "అర్థమైందా?" అని గుంపును అడిగే అవసరమూ ఉండదు. కర్ణాటకలో "నలి కలి" కార్యక్రమానికి, తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన కృత్యాధార బోధనకు ప్రేరణ ఇక్కడిదే. అయితే పద్ధతి రాష్ట్రమంతా పరుచుకున్నచోట కార్డులు వెళ్లినంత తేలిగ్గా మాటతీరు వెళ్లదు. అది పక్కన కూర్చుని చూసి నేర్చుకునే విద్య.

ఎంతవరకు మారుతుంది

మాట మారినంత మాత్రాన చదువులన్నీ బాగుపడవు. పనుల కోసం బెంగళూరుకో చెన్నైకో వెళ్లే కుటుంబంతో పాటు మూడు నెలలు మాయమయ్యే పిల్లవాడికి కావాల్సింది ముందు హాజరు. రక్తహీనత ఉన్న పిల్లకు కావాల్సింది తిండి. టీచరు అంచనాలే పిల్లల్ని మలుస్తాయని 1968లో అమెరికన్ పరిశోధకులు రోసెంతాల్, జేకబ్సన్ చెప్పినప్పుడు పెద్ద సంచలనం అయింది, అంతే గట్టిగా విమర్శలూ వచ్చాయి. ఆ అధ్యయనంలో ప్రభావం అన్ని తరగతుల్లోనూ సమానంగా కనబడలేదు. స్పష్టంగా కనబడింది మొదటి, రెండో తరగతుల్లో.

మన దగ్గర ఆ రెండు తరగతుల పరిస్థితి చూస్తే, 2022లో 117వ నంబరు జీవోతో చాలాచోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూళ్లకు వెళ్లాయి. ఒకటి, రెండు తరగతులు ఫౌండేషన్ బడుల్లో, ఎక్కువగా ఒకే టీచరు చేతిలో మిగిలాయి. 2025లో ఆ జీవోను పక్కనపెట్టి బడుల ఏర్పాటును మళ్లీ మార్చారు. ఫౌండేషన్ బడులు మాత్రం పూర్తిగా పోలేదు. అలాంటి బడిలో ఆరేళ్ల పిల్లకు రెండేళ్ల పాటు వినబడే బడి గొంతు ఒక్కటే. ఇంటి దగ్గర తమిళమో ఉర్దూనో ఉన్న పిల్లకు తెలుగూ, ఇంగ్లీషూ ఆ గొంతులోంచే రావాలి. శిక్షణలు, తనిఖీలు, సబ్జెక్టు నిపుణుల రాకపోకలు హైస్కూళ్ల చుట్టూ, అందులోనూ పదో తరగతి చుట్టూ తిరుగుతున్నాయి.